అలుకు పూసిన పడవ

వడ్ల హనుమండ్లు రోజుకు ఎన్ని మాటలు మాట్లాడతాడో ఆయన భార్య బుచ్చవ్వ ఒకసారి లెక్కపెట్టిందట. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పదిహేడు. అందులో నాలుగు చెక్క చెక్కే బాడిశను తిట్టినవి.

మంచిర్యాలకు ఆనుకుని గోదావరి ఒడ్డున వాళ్ళ ఇల్లు. తండ్రి, తాత నాగళ్ళూ బండ్లూ చేసినవాళ్ళు. పడవ చేయడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఒక వానాకాలం వరదకు ఎక్కడి నుంచో విరిగిన పడవ ఒకటి కొట్టుకొచ్చి వాళ్ళ పెరటి గట్టుకు తగులుకుంది. కట్టెలకు పనికొస్తుందని అందరూ అన్నారు. హనుమండ్లు మాత్రం దాన్ని పలకపలకగా ఊడదీసి, ఒక్కో పలక మీద మసితో గుర్తులు పెట్టి, మళ్ళీ బిగించాడు. మొదటిసారి నీళ్ళలోకి దింపితే మునిగింది. రెండోసారి ఒక పక్కకు ఒరిగి మునిగింది. మూడోసారి తేలింది. ఆయనకు గురువంటూ ఉంటే ఆ మునిగిన పడవే. ఆ తర్వాత పదేళ్ళలో రేవుకు ఐదు కొత్త పడవలు చేసి ఇచ్చాడు. టేకు పలకల సందుల్లో నార కూరి, నూనెలో కాగబెట్టిన గుగ్గిలం పూస్తే, ఆ పూత మీద వేలు జారిపోవలసిందే.

ఒక్క లోపం ఉండేది. ఆయన నోట ఎవరి పనికీ మెచ్చుకోలు రాదు. పని బాగుంటే బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి ఊరుకుంటాడు. బాగా లేకపోతే నొక్కడు కూడా. కూర బాగుందో లేదో తెలుసుకోవాలంటే బుచ్చవ్వ ఆయన పళ్ళెం వైపు చూడాలి తప్ప మొహం వైపు చూసి లాభం లేదు.

పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో ఏజెన్సీ ఆఫీసు నుంచి ఒక పడవకు ఆర్డరు వచ్చింది. ఉట్నూరు అవతల ఒక వాగు ఉంది. మిరుగం కార్తె వానలు మొదలయ్యాయంటే ఆ వాగు అవతలి గూడేలకు నాలుగు నెలలు దారి ఉండదు. దాటడానికి ఇరవై నాలుగు అడుగుల పడవ కావాలి, వానలకు ముందే అక్కడ ఉండాలి. హనుమండ్లు రెండు నెలలు కష్టపడి చేశాడు. గోదావరి మడుగులో పది రోజులు నానబెట్టి, పలకలు ఉబ్బి సందులు బిగుసుకున్నాక పైకి తీసి, పైన ఆరనిచ్చి పూత వేశాడు.

ఇక తీసుకుపోవడమే మిగిలింది. యాభై మైళ్ళు. ఎడ్లబండి మీద అంటే వారం పడుతుంది, మధ్యలో గుట్టలు. ఏజెన్సీ బడికి బెంగుళూరు పెంకులు మోస్తున్న లారీ ఒకటి ఉంది. పడవ లారీలో పట్టదు కాబట్టి పాత లారీ ఇరుసు ఒకటి తెచ్చి, దాని మీద గడ్డి పరిచి, పడవను కట్టి, లారీ వెనుక తగిలించి లాగాలని అనుకున్నారు. ఆ లారీ నడిపేవాడు రాయమల్లు. హనుమండ్లుకు సొంత బావ, అక్క శంకరవ్వ మొగుడు. మాటల్లో ఈయన ఎంత పొదుపో ఆయన అంత ధారాళం.

రేవు దగ్గరి చాయ హోటల్లో రాయమల్లు అందరూ వినేట్టు మొదలుపెట్టాడు.

“బామ్మర్దీ, పడవ మంచిగనే చేసినవు. గని నా లారీ ఎనుక టైర్లు మంచియి గావు. కంకర రోడ్డు మీద ఒక్కొక్క రాయిని గులేరు రాయి లెక్క ఇసురుతయి. నువ్వు ఈడ పడవ కడ్తవు, ఆడ జల్లెడ దిగుతది. గూడెపోళ్ళు జొన్నలు జల్లిచ్చుకుంటరు పాపం.”

హోటలంతా నవ్వింది. హనుమండ్లు చాయ తాగుతున్నాడు.

“నవ్వకుండ్రి,” అన్నాడు రాయమల్లు ఇంకా గట్టిగా. “మావోడు బుద్ధిమంతుడు. నీళ్ళు తోడెటందుకు చెంబు సుత పడవల్నే పెట్టి పంపుతడు.”

అంతే. హనుమండ్లు కప్పు కింద పెట్టాడు.

“ఆడ దింపినంక ఒక్క చుక్క నీళ్ళు లోపటికొస్తే, నేను మళ్ళ బాడిశ ముట్ట.”

హోటల్లో నవ్వు ఆగిపోయింది. ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట ఎవరూ వినలేదు. రాయమల్లు కూడా ఒక క్షణం తడబడి, “అందరు ఇన్నరు గదా?” అని మాత్రం అనగలిగాడు.

ఇంటికి నడుస్తుంటే హనుమండ్లుకు తన మాట తనకే అరగలేదు. పనితనం కన్నా మాట ముందు నడిస్తే ఏమవుతుందో ఇతరులకు జరగడం చూశాడు కానీ, తనకు జరుగుతుందనుకోలేదు. నలభై ఐదేళ్ళ మనిషి, బాడిశ ముట్టకపోతే ఏం చేస్తాడు? రేవులో కూర్చుని రాయమల్లులాగా మాట్లాడాలి. ఆ ఆలోచనకు ఆయనకు నిజంగానే భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే మేకల కొట్టం తలుపు ఊడదీసి సున్నం వేశాడు.

“ఏందయ్యా అది?” అంది బుచ్చవ్వ.

“చూడాలె.”

“ఏం చూడాలె?”

“రాళ్ళు.”

సున్నం ఆరాక ఆ తలుపును ఇరుసు మీద పడవ ముందుభాగం వచ్చేచోట నిలబెట్టి కట్టి, లారీతో కంకర రోడ్డు మీద మూడు మైళ్ళు లాగించాడు. రాయమల్లు సంతోషంగా నడిపాడు. దారిలో కనిపించిన ప్రతివాడికీ మొహం బయటపెట్టి చెప్పాడు: “మా బామ్మర్ది ఇంటి తలుపు. పట్నం చూపియ్య తీస్కపోతున్న.”

తిరిగొచ్చాక హనుమండ్లు ఆ తలుపు ముందు గొంతుకూర్చుని గంటసేపు చూశాడు. సున్నం మీద రాళ్ళ దెబ్బలు నల్లగా పడ్డాయి. పైన ఒక్కటీ లేదు. నడుమ లేదు. రెండు పక్కల, చీలమండ ఎత్తు నుంచి మోకాలి ఎత్తు దాకా, రెండు చారలుగా దట్టంగా ఉన్నాయి. అంటే రాళ్ళు అన్ని దిక్కుల నుంచీ రావడం లేదు. లారీ వెనుక చక్రాలు విసిరినవే వస్తున్నాయి, అవి తగిలేది పడవ కడుపుకు. ఆ మాత్రం తెలిస్తే సగం పని అయినట్టేనని ఆయనకు అనిపించింది.

మిగతా సగం కుదరలేదు. రెండోరోజు మళ్ళీ సున్నం వేసి, తలుపు మీద టార్పాలిన్ బిగించి లాగించాడు. టార్పాలిన్ చిరగలేదు. సంతోషంగా విప్పి చూస్తే దాని కింద సున్నం లేదు. లోపలికి దూరిన దుమ్ము, ఇసక టార్పాలిన్ కొట్టుకున్నప్పుడల్లా రాసుకుని, చిత్రిక పట్టినట్టు చెక్కదాకా గీకేశాయి. రాయి తగిలినా బాగుండేది అనిపించింది.

ఈలోగా మేకలు తలుపు లేని కొట్టం నుంచి బయటపడి బుచ్చవ్వ చిక్కుడు పాదును సగం తిన్నాయి. ఆమె వాటిని తరిమి తరిమి వచ్చి, తన పనిలో పడింది. పెరట్లో గుమ్మికి అలుకుతున్నది. వెదురుతో అల్లిన నిలువెత్తు ధాన్యపు గుమ్మికి ఏటా ఎండాకాలంలో ఎర్రమట్టి, పేడ, వరిపొట్టు కలిపి దిట్టంగా పూస్తారు.

“రెండు రోజులసంది ఆ తలుపు మొఖమే చూస్తున్నవు,” అంది చేతులు మట్టిలో ఉంచే. “నా మొఖం గంతసేపు ఎన్నడన్న చూసినవా? గీ అలుకు పూసి చూడరాదు?”

“పడవకు పేడా?”

“ఎందుకు, నీ పడవ జాతి తక్కువైతదా? గీ గుమ్మిని ఎలుకలే కొరుకలేకపోతున్నయి. రాళ్ళకేం పండ్లున్నయా కొరుకనీకి?”

హనుమండ్లు లేచి వచ్చి పోయినేడు అలికిన పక్క గుమ్మిని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. మళ్ళీ నొక్కాడు.

“పేడ ఇంకున్నదా?” అన్నాడు.

పాతికేళ్ళ కాపురంలో బుచ్చవ్వకు దక్కిన పెద్ద మెప్పు అది. ఆమె అర్థం చేసుకుని, ఏమీ అర్థం కానట్టు మొహం పెట్టుకుని, పేడతట్ట ముందుకు తోసింది.

అలుకు పూసిన తలుపు ఆరడానికి రెండు రోజులు పట్టింది. లాగి తెచ్చాక చూస్తే, పల్లిపట్టిలో పల్లీలలాగా రాళ్ళు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. ఒకచోట గీకి చూస్తే కింద సున్నం తెల్లగా, పెళ్ళినాటి గోడలా ఉంది. ఆ రోజే పడవ కడుపంతా రెండు వేళ్ళ మందాన అలకడం మొదలైంది. బుచ్చవ్వ పూస్తుంటే ఆయన మట్టి తొక్కాడు. రేవులో పోయేవాళ్ళు ఆగి చూశారు. “గుమ్మి ఏందో పడుకున్నది?” అని ఒకడు, “ఒడ్లు పోస్తరా, మనుషుల పోస్తరా?” అని ఇంకొకడు అడిగారు. హనుమండ్లు ఎవరికీ జవాబు చెప్పలేదు. ఉన్న మాటలన్నీ హోటల్లోనే ఖర్చయిపోయాయి.

బయలుదేరే రోజు తెల్లవారుతుండగా వచ్చి చూసేసరికి, ఎత్తుగా లేచిన పడవ ముక్కుకు పసుపు పూసి, నిమ్మకాయంత కుంకుమ బొట్లు రెండు పెట్టి, వేపమండలు కట్టి ఉన్నాయి.

“గిదెందుకే?”

“కొత్త పడవ, మొదటిసారి ఊరు దాటుతున్నది. బోసి మొఖంతోటి పంపుతనా? నువ్వు రాళ్ళ సంగతి చూసుకో. దీని సంగతి నాకొదిలెయ్.”

రాళ్ళ సంగతి ఆయన చూసుకున్నాడు. కేబిన్‌లో కూర్చోకుండా, పెంకుల మీద వెనక్కి తిరిగి కూర్చుని పడవ మీదే కన్ను పెట్టాడు. పెంకుల ఎర్రదుమ్ము ఒళ్ళంతా, జుట్టంతా కమ్మింది. లక్సెట్టిపేట దాటింది, దండేపల్లి దాటింది. రాళ్ళు ‘దబ్’ ‘దబ్’మని మట్టికి తగిలి అక్కడే ఉండిపోతున్నాయి. ప్రతి ‘దబ్’కూ ఆయన మొహం కొంచెం విప్పారింది. ఎండ ముదిరింది. కేబిన్ లోంచి రాయమల్లు అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి: “బాతు నడిచినట్టు నడుపుతున్న బామ్మర్దీ! నన్ను దాటి సైకిలోడు పోయిండు!”

జన్నారం ఇంకా రెండు మైళ్ళు ఉందనగా ఒక ఊరు వచ్చింది. ఆ రోజు ఆ ఊళ్ళో పోచమ్మకు నీళ్ళు మోస్తున్నారు. ఆడవాళ్ళు పాతికమంది తలల మీద బిందెలతో రోడ్డు పక్కన నడుస్తున్నారు. అప్పుడే ఎదురుగా లారీ. లారీ వెనుక ఎర్రమట్టి అలుకుతో, పసుపు మొహంతో, రెండు బొట్లతో, వేపమండలతో ఏదో నెమ్మదిగా వస్తున్నది. అమ్మవారి ఊరేగింపు వస్తుంటే ఎదురుపోయి నీళ్ళు ఆరబోసి చల్లబరచడం వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పని. అందరికన్నా ముందున్న పెద్దమనిషి, ఐలవ్వ అట, రోడ్డు మధ్యకు వచ్చి నిలబడింది. రాయమల్లు బ్రేకు వేశాడు.

“ఏ ఊరి తల్లి, కొడుకా?” అంది ఐలవ్వ.

రాయమల్లుకు నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. కానీ ఆయనకు ఒక్క ముక్క ఎప్పుడు సరిపోయింది?

“గోదారి ఒడ్డు తల్లి. ఉట్నూరు దిక్కు పోతున్నది. శాన ఎండల నడిచొచ్చింది, సల్లగ జెయ్యుండ్రి.”

మొదటి బిందె పడవ ముక్కు మీద పడింది. హనుమండ్లు పెంకుల మీద లేచి నిలబడ్డాడు.

“వద్దు! నీళ్ళొద్దు!”

ఆడవాళ్ళు తలెత్తి చూశారు. ఒళ్ళంతా ఎర్రగా, జుట్టు రేగి, చేతులు గాలిలో ఊపుతూ, కళ్ళు పెద్దవి చేసి ఒక మనిషి లారీ మీద ఎగురుతున్నాడు.

“శిగమొచ్చింది! తల్లి పూనింది!” అని ఒకామె కేక వేసింది.

“ఏం గావాలె తల్లీ, చెప్పు!” అని ఐలవ్వ రెండు చేతులూ జోడించింది.

“మట్టి పోతది! నీళ్ళు పోస్తే మట్టంత పోతది!”

“అమ్మో, మట్టి పోతదట,” అంది ఐలవ్వ వెనక్కి తిరిగి. “ఊరి మట్టి పోతదంటున్నది. కోపంగున్నది తల్లి. ఇంకిన్ని నీళ్ళు తేండ్రి!”

బిందెల మీద బిందెలు. కడుపు మీద, పక్కల మీద, కింద. ఆయన ఎంత గట్టిగా అరిస్తే అంత భక్తి పెరిగింది. చివరికి ఐలవ్వ మొగుడు కొండల్, గొర్లకాపరి, భుజాన గొంగడితో లారీ పక్క ఎక్కి ఆయనను పట్టుకోబోతే, ఇద్దరి మీదా కలిపి ఒక బిందె కుమ్మరించారు. రాయమల్లు కేబిన్‌లో కడుపు పట్టుకుని నవ్వి నవ్వి, కొండల్ దిగగానే, ఇంకా ఆగితే మేకను కూడా కోస్తారేమోనని లారీని ఒక్కసారిగా ముందుకు ఉరికించాడు.

అక్కడి నుంచి కొత్త కంకర. నానిన అలుకు తట్టలు తట్టలుగా రోడ్డు మీద రాలింది. తర్వాత హనుమండ్లుకు వినిపించింది ‘దబ్’ కాదు, ‘టక్’. మళ్ళీ ‘టక్’. ఆయన కేబిన్ కప్పును రెండు చేతులతో బాదితే, రెండు ఫర్లాంగుల తర్వాత లారీ ఆగింది.

దిగి చూశాడు. కడుపు మీద మట్టి పొర పలుచగా, బురదలా అంటుకుని ఉంది, అంతే. గుగ్గిలం పూత మూడుచోట్ల లేచింది. అందులో ఒకటి ముక్కు దగ్గర, సరిగ్గా రెండు పలకల సందు మీద. గుగ్గిలం కుండ ఇంట్లోనే ఉంది. ఇంత అలుకు ఉండగా అదెందుకని తేలేదు.

“ఎందుకు చెప్పలే?” అన్నాడు రాయమల్లును చూసి.

“నేనెందుకు, నువ్వే మీదికెంచి చెప్పబడితివి గదా!” అని రాయమల్లు నవ్వబోయి, బామ్మర్ది మొహం చూసి ఆగాడు. “శాన మాటలు మాట్లాడినవ్. నువ్వు గన్ని మాట్లాడుడు నేనెన్నడు చూడలే. నాకు సుత నిజంగనే శిగమొచ్చిందేమో అనిపిచ్చింది. తప్పయింది, బామ్మర్దీ.”

హనుమండ్లు సందు మీది దెబ్బను బొటనవేలితో తడిమాడు. ఇంకా ఇరవై మైళ్ళు. ఇలాగే పోతే అక్కడ దిగేది నిజంగా జల్లెడే.

అప్పటికి వెనుక నుంచి ఐలవ్వ, కొండల్ పరుగెత్తుకొచ్చారు. తల్లి ఒంటి మట్టి రాలి లోపల పలకలు కనపడడం వాళ్ళు దూరం నుంచి చూశారు.

“గిది పడవనా?” అంది ఐలవ్వ నడుం మీద చేయి పెట్టుకుని.

“పడవే అక్కా,” అన్నాడు రాయమల్లు తల దించుకుని.

“మరి పడవకు బొట్టెందుకు? పైన గా మనిషి ఎగురుడెందుకు? మా ఊరి నీళ్ళన్ని మీ పడవకు పోస్తిమి, పోచమ్మకేం పొయ్యాలె?”

హనుమండ్లు ఆమె మాట వినడం లేదు. కొండల్ భుజం మీది గొంగడిని చూస్తున్నాడు. నీళ్ళు తాగి అది బరువెక్కి, గాలి వీస్తున్నా కదలకుండా తలుపురెక్కలా నిలువుగా వేలాడుతున్నది. తలుపు మీది రెండు చారలు ఆయన కళ్ళ ముందుకు వచ్చాయి. రాళ్ళు వచ్చేది రెండేచోట్ల నుంచి. వారం రోజులుగా పడవకు ఏం తొడగాలా అని ఆలోచించాడు తప్ప, విసిరే చక్రాలకు అడ్డం కట్టాలని తోచలేదు. తోచినా టార్పాలిన్‌లాగా గాలికి ఎగురుతుందని వదిలేసేవాడు. తడిసిన ఉన్ని ఎగరదు. కొండల్ దగ్గరికి వెళ్ళి గొంగడిని బొటనవేలితో నొక్కాడు.

“గిది ఇస్తవా?”

“ఎందుకన్నా?”

“టైర్లకు.”

ఐలవ్వకు నవ్వు ఆగలేదు. “పొద్దుగాల పడవకు బొట్టు, ఇప్పుడు టైర్లకు గొంగడి. మరి మీ ఊళ్ళె మనుషులకేం పెడ్తరన్నా?”

అయినా ఇచ్చారు, మర్నాడు తిరుగు ప్రయాణంలో తెచ్చివ్వాలన్న మాట మీద. రెండో చక్రానికి ఇంకొకటి కావాలి. హనుమండ్లు రాయమల్లు వైపు చూశాడు. రాయమల్లు సీటు కింద కొత్త గొంగడి ఒకటి ఉంది. శంకరవ్వ కురుమలతో చెప్పి ప్రత్యేకం నేయించింది. దాని మీద ఆయన చెప్పులు కూడా పెట్టడు.

“బామ్మర్దీ, అది మీ అక్క...”

హనుమండ్లు చూస్తూనే ఉన్నాడు. రాయమల్లు నిట్టూర్చి గొంగడి తీశాడు.

వెదురుబొంగు ఒకటి లారీ వెనుక అడ్డంగా కట్టి, ఒక్కో చక్రం వెనుక ఒక్కో గొంగడిని నేలకు జానెడు ఎత్తుదాకా వేలాడదీశారు. ఐలవ్వ చంకలోని బిందెలో అడుగున మిగిలిన నీళ్ళు వాటి మీద పోశారు. లారీ కదిలింది. రాళ్ళు ఉన్నికి తగిలి, విసురు చచ్చి, కిందనే పడ్డాయి. పడవకు ఒక్కటీ చేరలేదు. రెండు మైళ్ళకో మూడు మైళ్ళకో బావి కనపడితే లారీ ఆపడం, రాయమల్లు చేదుకుని వచ్చి గొంగళ్ళ మీద పోయడం. ఎనిమిదోసారికి ఆయన జోకులు కూడా తడిసిపోయాయి.

వాగు చేరేసరికి పొద్దు వాలుతున్నది. నడివేసవి కాబట్టి వాగు సన్నబడింది కానీ, రేవు దగ్గర మడుగు లోతుగానే ఉంది. అవతలి గూడెం వాళ్ళు పదిమంది ఇవతలికి వచ్చి పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నారు. అందరికన్నా ముందు గంగుబాయి అనే ముసలామె, రెండు మేకలతో. మొదట తనే ఎక్కాలని పొద్దున్నే వచ్చి కూర్చుందట.

కట్లు విప్పుతూ హనుమండ్లు చేయి ఆగిపోయింది. అలుకు పూయని పై పలకల మధ్య సందులు విచ్చుకున్నాయి. గోరు దూరేంత. ఒక్క రోజు ఎండకు. కింద, మట్టి పూసి బిందెలు పోసిన చోట మాత్రం సందులు బిగుసుకునే ఉన్నాయి. రాళ్ళ ఫికర్‌లో పడి తాను ఎండను మరిచాడు. నానబెట్టిన పడవను నడివేసవిలో యాభై మైళ్ళు లాగితే ఏమవుతుందో నిన్నగాక మొన్న పని నేర్చినవాడు కూడా చెప్తాడు. తాను ఎగిరి వద్దన్న నీళ్ళే లేకపోతే ఈపాటికి కడుపు కూడా నోరు తెరిచేది.

పదిమంది పట్టి పడవను మడుగులోకి దింపారు. అది తేలింది. గూడెపు వాళ్ళు కేకలు వేశారు. రాయమల్లు లోపలికి దిగి, మోకాళ్ళ మీద పాకుతూ అడుగంతా అరచేత్తో తడిమాడు.

“పొడి! చూడు, ఎండుటాకు లెక్కున్నది! బామ్మర్దీ, గెలిచినవ్ పో!”

హనుమండ్లు తిన్నగా ముక్కు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. చూడవలసిన చోటు ఆయనకు తెలుసు. కాసేపటికి సందు మీద చిన్న తడి మెరిసింది. అది పెద్దదై, ఒక చుక్క అయి, జారింది.

“వచ్చింది,” అన్నాడు.

రాయమల్లు వంగి చూసి గొంతు తగ్గించాడు. “గది నీ చెమట. ఊకో.”

“చుక్కే.”

“అరే, నేను చూడలే అంటున్న గదా. ఎవ్వలు చూడలే.”

“నేను చూసిన.” హనుమండ్లు నడుముకు దోపుకున్న బాడిశ తీసి రాయమల్లు చేతిలో పెట్టాడు. “అన్న మాట అన్న. తీస్కపో.”

రాయమల్లు స్టీరింగు తప్ప ఏదీ పట్టినవాడు కాడు. బాడిశను ఎలా పట్టుకోవాలో తెలియక, పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. బామ్మర్ది ఉత్త చేతుల వైపు చూశాడు. ఏం చేయాలో తెలియక ఆ చేతులు మోకాళ్ళ మీద పడి ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి రాయమల్లుకు మాట దొరకలేదు.

గంగుబాయి ఒడ్డు నుంచి అంతా వింటున్నది. “మరి ఆ చుక్క ఎవలు ఆపాలె?” అంది. “ఇయ్యాల ఒకటొస్తది, వానలప్పుడు బుడబుడ వస్తది. నేను, నా మేకలు ఏం గావాలె?”

పడవ తెలిసిన చేయి యాభై మైళ్ళ దూరంలో ఇంకొకటి లేదు.

“మాట ఎవలకిచ్చినవ్?” అన్నాడు రాయమల్లు హఠాత్తుగా.

“నీకు.”

“నాకిచ్చిన మాట. ఇడిసిపెట్టెటోణ్ణి నేనే. ఇడిసిపెడుత. గని ఉత్తగ గాదు.” ఆయన మొహంలోకి పాత రాయమల్లు మెల్లగా తిరిగొచ్చాడు. “యాభై మైళ్ళు బాతు లెక్క నడిపిన. ఎనిమిది బావులు చేదిన. మీ అక్క నేపిచ్చిన గొంగడి రాళ్ళపాలు జేసిన. గిప్పటిదాక నీ నోట్లెకెంచి నాకు ఒక్క మంచి మాట రాలే. నలుగురు ఇనేటట్టు చెప్పు. రాయమల్లు బావ మంచిగ నడిపిండని. అప్పుడిస్త బాడిశ.”

హనుమండ్లు మడుగు వైపు చూశాడు. చుక్క వెనుక ఇంకో చుక్క జారింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. బాడిశ వదులుకోవడమే సులువేమో అనిపించింది ఒక్క క్షణం. అదైతే ఒక్క మాటతో అయిపోతుంది.

“నడిపినవ్,” అన్నాడు.

“నడిపినా? నడిపినంటే ఏంది? అందరు నడుపుతరు.”

“మంచిగ.”

“కలిపి చెప్పు!”

“మంచిగ నడిపినవ్, బావా.” ఒకసారి నోరు తెరిచాక ఇంకో రెండు మాటలు కూడా బయటపడ్డాయి. “గొంగడి సుత పనికొచ్చింది. ఆ ఐలవ్వ నీళ్ళు లేకుంటే పడవే లేకుండె.”

“ఇనవడలే!” అని గంగుబాయి అరిచింది ఒడ్డు నుంచి, మేకలను పట్టుకుని నవ్వుతూ. ఆమెకు చెవులు బాగానే వినపడతాయి.

మళ్ళీ చెప్పక తప్పలేదు. ఈసారి ఆయన మెడ దాకా ఎర్రబడింది, పెంకుల దుమ్ము వల్ల కాదు.

బాడిశ చేతికి వచ్చాక ఇంకెవరి వైపూ చూడలేదు. టేకు ముక్క ఒకటి చెక్కి, సన్నని చీలిక తీసి, గూడెపు వాళ్ళిచ్చిన నార చుట్టి, సందులో పెట్టి మెల్లగా కొట్టాడు. నాలుగు దెబ్బలు. చుక్క ఆగింది. బొటనవేలితో నొక్కి చూశాడు. ఆ తర్వాత మొదటి ఖేపలో గంగుబాయి, ఆమె రెండు మేకలు అవతలికి దాటాయి.

మర్నాడు పెంకులు దింపి ఖాళీ లారీ వెనక్కి బయలుదేరింది. వెనుక పడవ లేదు, ఆపవలసిన బావులు లేవు. రాయమల్లు యాక్సిలేటరు మీద కాలు పెట్టి తీయలేదు. గుంతలు, మలుపులు, గేదెలు, ఏదీ చూడలేదు. ఉత్త లారీ మీద హనుమండ్లు రెండు గొంగళ్ళను చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో పక్క చెక్కను పట్టుకుని, ఒక్కో గుంతకు జానెడు ఎత్తు లేచి పడుతున్నాడు. కేబిన్ లోంచి నిన్నటి మాట ఎదురొచ్చే ప్రతివాడికీ చేరుతున్నది: “మా బామ్మర్ది చెప్పిండు, నేను మంచిగ నడుపుతనట!” హనుమండ్లుకు ఆ మాట వెనక్కి తీసుకోవాలని నోటిదాకా వచ్చింది. కానీ నోరు తెరిస్తే నాలుక కొరుక్కుంటానేమోనని పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు.